జర్మనీ పార్టీల మీద గ్రూప్ ప్రాజెక్ట్: ఏఎఫ్‌డీ నా నెత్తిన పడింది, ఏం చేయాలి?

గుంటూరు_టు_సాక్సనీ

అందరికీ నమస్కారం. నేను సాక్సనీలో మాస్టర్స్ చేస్తున్నా, మొదటి సెమిస్టర్. మెయిన్ సబ్జెక్ట్ డేటా వైపు, కానీ వేరే డిపార్ట్‌మెంట్ కోర్సు ఒకటి తీసుకోవాలని రూల్ ఉంది. ఇంగ్లిష్‌లో చెబుతున్నారు కదా అని జర్మనీ రాజకీయ పార్టీల సెమినార్ తీసుకున్నా. ఈజీ క్రెడిట్స్ అని చెప్పిన సీనియర్ ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.

ఐదుగురం గ్రూప్. ఇద్దరు జర్మన్లు, ఒక టర్కీ అమ్మాయి, ఒక వియత్నాం అబ్బాయి, నేను. 40 నిమిషాల ప్రెజెంటేషన్, తర్వాత అందరూ కలిసి రాసే రిపోర్ట్. మొదటి మీటింగ్‌కి ట్రామ్ లేటై నేను వెళ్లేసరికే పంపకాలు అయిపోయాయి. కన్జర్వేటివ్‌ల జోడీ సీడీయూ-సీఎస్‌యూ ఒకరికి, సోషల్ డెమొక్రాట్ల ఎస్‌పీడీ ఒకరికి, గ్రీన్స్ ఒకరికి, వామపక్షం డీ లింకె, లిబరల్స్ ఎఫ్‌డీపీ కలిపి ఇంకొకరికి. మిగిలింది ఏఎఫ్‌డీ, వలసల్ని గట్టిగా వ్యతిరేకించే పార్టీ. "నువ్వు బయటివాడివి కదా, న్యూట్రల్‌గా చెప్పగలవు" అన్నాడు జర్మన్ అబ్బాయి. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. నేను ఉంటున్న రాష్ట్రంలోనే 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆ పార్టీకి 37.3 శాతం వచ్చాయి, అందరికంటే ఎక్కువ. క్లాసులో ఆ పార్టీకి ఓటేసినవాళ్లు కూడా ఉండొచ్చు, తిట్టినా తంటా, తిట్టకపోయినా తంటా. పైగా నేను వీసా మీద ఉన్నవాణ్ని.

అడగాలనుకున్నవి: పార్టీకి ఒకరు చొప్పున ఇలా పంచుకోవడం సరైనదేనా? ఏఎఫ్‌డీ గురించి ఎలా మాట్లాడాలి? మన పార్టీలతో పోల్చి చెబితే బాగుంటుందా, అంటే సీఎస్‌యూ అంటే బవేరియా టీడీపీ లాంటిది అని? ఇంకోటి, గ్రూపులో ఒకరు వాట్సాప్‌లో మెసేజ్ చూస్తారు, జవాబు ఇవ్వరు. ఇక్కడ అలాంటప్పుడు ఏం చేస్తారు?

బెర్లిన్_బాబాయ్

తమ్ముడూ, పార్టీకి ఒకరు అన్న పంపకమే అసలు గోల. పుట్టింది ఎప్పుడు, నాయకుడు ఎవరు, రంగు ఏంటి, ఎన్ని సీట్లు, ఇదే ఐదుసార్లు వినాలి క్లాసు. మూడో పార్టీకి వచ్చేసరికి సగం మంది ఫోన్ల్లో ఉంటారు. చివర్లో టీచర్ అడిగేది ఒక్కటే, "మీ ప్రశ్న ఏంటి?" అని. ఇక్కడ సెమినార్లలో సమాచారం ఎంత పోగేశావన్నదాని కంటే, ఒక ప్రశ్న వేసి దాన్ని వదలకుండా పట్టుకున్నావా లేదా అన్నదానికే మార్కులు. ప్రశ్న ఒకటే ఉండాలి, అందరూ దాని మీదే పనిచేయాలి.

నేనైతే ఇది తీసుకుంటా: 5 శాతం రాక పార్లమెంటు బయట పడ్డ పార్టీ తర్వాత ఏం చేస్తుంది?

రూల్ నీకు తెలిసే ఉంటుంది, ఇక్కడ ఒక్కొక్కరికి రెండు ఓట్లు, ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, ఒకటి పార్టీకి. ఆ పార్టీ ఓట్లలో దేశం మొత్తం మీద 5 శాతం రాకపోతే బుండెస్టాగ్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, వాటా లేదు, మూడు నియోజకవర్గాలు నేరుగా గెలిస్తే తప్ప. హిట్లర్‌కి ముందు వైమార్ కాలంలో చిన్నాచితకా పార్టీలతో సభ ముక్కలై ప్రభుత్వాలు నిలవలేదన్న భయంతో పెట్టుకున్నారు, 1953 నుంచి దేశవ్యాప్తంగా లెక్కేస్తున్నారు. దీని చేతిలో దెబ్బ తిన్న పార్టీల కథలు చూడు, ఒక్కోటి ఒక్కో రకం.

1990, గ్రీన్స్. రెండు జర్మనీలు కలిసిన ఏడాది. ఆ ఒక్క ఎన్నికకి తూర్పుకీ పడమరకీ 5 శాతం విడివిడిగా లెక్కేయాలని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. దేశమంతా ఏకీకరణ హడావుడిలో ఉంటే పశ్చిమ గ్రీన్స్ "అందరూ జర్మనీ గురించి మాట్లాడుతున్నారు, మేం వాతావరణం గురించి మాట్లాడుతున్నాం" అని పోస్టర్లు వేశారు. 4.8 దగ్గర ఆగి, ఉన్న సీట్లన్నీ పోగొట్టుకున్నారు. తూర్పున బ్యుండ్నిస్ 90 కూటమి మాత్రం 8 సీట్లతో లోపలికి వెళ్లింది. 1993లో ఇద్దరూ ఒకే పార్టీ అయ్యారు, 1994లో 7.3 శాతంతో తిరిగొచ్చారు. ఆ పార్టీ పేరులో ఇప్పటికీ ఆ 90 ఉంది చూడు, అది అప్పటిదే.

తర్వాత పీడీఎస్, అంటే పాత తూర్పు జర్మనీ పాలక పార్టీ వారసులు. 1994లో వచ్చింది 4.4 శాతమే, కానీ తూర్పు బెర్లిన్‌లో నాలుగు నియోజకవర్గాలు గెలిచి 30 మందితో సభలో కూర్చున్నారు. 2002లో ఆ తాయెత్తు పనిచేయలేదు. 4 శాతం, నేరుగా గెలిచింది రెండే, ఆ ఇద్దరు మహిళలు తప్ప సభలో పార్టీ లేదు. అప్పుడు ఎస్‌పీడీ మీద కోపంతో పడమరలో విడిపోయినవాళ్లతో చేతులు కలిపారు. వాళ్లలో ఒకప్పటి ఎస్‌పీడీ అధ్యక్షుడు లాఫోంటెయిన్ కూడా ఉన్నాడు. 2005లో 8.7 శాతం, 2007లో పూర్తిగా విలీనమై డీ లింకె.

2013 సంగతి ఇంకా మజా. ఎఫ్‌డీపీ అంతకుముందు ఎన్నికలో 14.6 తెచ్చుకుని ప్రభుత్వంలో కూర్చున్న పార్టీ, నాలుగేళ్లు తిరిగేసరికి 4.8కి పడింది. 93 మంది ఎంపీలు ఒక్క రాత్రిలో మాజీలు. బుండెస్టాగ్ పుట్టినప్పటి నుంచీ అందులో ఉన్న పార్టీ అది. కొత్త నాయకుడు లిండ్నర్ చేతికి వచ్చాక పాత నీలం-పసుపుకి మెజెంటా రంగు చేర్చి, అంతా కొత్తగా కనిపించేలా చేసి 2017లో 10.7తో వచ్చారు. 2025లో మళ్లీ 4.3, మళ్లీ బయట.

ఇక నీ ఏఎఫ్‌డీ. అదీ 2013లో 4.7తో బయటే ఉండిపోయింది! పుట్టింది ఆ ఫిబ్రవరిలోనే, యూరో కరెన్సీ వద్దనే ప్రొఫెసర్ల పార్టీగా. 2015లో ఎసెన్ మహాసభలో నాయకత్వ పోటీలో పెట్రి చేతిలో, పార్టీ పెట్టినవాళ్లలో ఒకడైన లుకె ఓడిపోయి పార్టీ వదిలి వెళ్లాడు, శరణార్థుల అంశం మీదికి పార్టీ మొత్తం మళ్లింది, 2017లో 12.6. అంటే నీ భాగం "ఏఎఫ్‌డీ మంచిదా చెడ్డదా" కాదు, "4.7 నుంచి 12.6కి ఏం మార్చుకుని వచ్చింది" అన్నది. దానికి జవాబు చెప్పొచ్చు, గొడవా ఉండదు.

వరంగల్_ప్రిపరేషన్

నేను ఇక్కడ గ్రూప్స్‌కి చదువుతున్నా, పాలిటీలో జర్మనీ పేరు వచ్చినప్పుడల్లా ఈ 5 శాతం దగ్గరే ఆగుతా. ఒక డౌట్ అన్నా. గీత దాటని పార్టీల ఓట్లు ఏమవుతాయి? వేరేవాళ్లకి పంచుతారా?

బెర్లిన్_బాబాయ్

పంచరు, లెక్కలోంచి తీసేస్తారు. అందుకే మిగిలినవాళ్ల వాటా పెరుగుతుంది. 2025నే తీసుకో. సీడీయూ-సీఎస్‌యూ 28.5, ఎస్‌పీడీ 16.4, రెండూ కలిపితే 44.9 శాతం ఓట్లు. సీట్లు మాత్రం 630లో 208, 120, మొత్తం 328, మెజారిటీకి 316 చాలు. ఎందుకంటే ఎఫ్‌డీపీ 4.3, డీ లింకె నుంచి విడిపోయిన బీఎస్‌డబ్ల్యూ 4.98, ఇంకా చిన్నవాళ్లు కలిపి 14 శాతం దాకా ఓట్లు లెక్కలోకే రాలేదు. బీఎస్‌డబ్ల్యూకి తగ్గినవి దేశం మొత్తం మీద పదివేల ఓట్లు కూడా కాదు. అవి పడి ఉంటే ఈ సంకీర్ణానికి మెజారిటీయే లేదు, సీడీయూ నాయకుడు మెర్జ్ మూడో పార్టీ గుమ్మం తొక్కాల్సి వచ్చేది. ఉన్న 328తోనే మే 6న ఛాన్సలర్ ఎన్నికలో మొదటి రౌండ్‌లో 310 ఓట్లే పడి ఆగిపోయాడు, రెండో రౌండ్‌లో గట్టెక్కాడు.

వరంగల్_ప్రిపరేషన్

బాబోయ్. మన దగ్గర గీత లేదు అనుకుంటాం గానీ 2014లో బీఎస్పీకి దేశం మొత్తం మీద 4 శాతం పైన ఓట్లొచ్చి లోక్‌సభలో సున్నా సీట్లు. దారి వేరు, దెబ్బ ఒకటే.

ఇసార్_ఒడ్డున

నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నా. సీఎస్‌యూని టీడీపీతో పోల్చొద్దు బ్రో, ప్లీజ్. వినడానికి బాగుంటుంది, మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. ఆంధ్రలో 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ పొత్తు పెట్టుకుని సీట్లు పంచుకున్నాయి, బీజేపీ కూడా 6 లోక్‌సభ సీట్లకి నిలబడింది. అంటే అక్కడ మూడు పార్టీలకీ కార్యకర్తలున్నారు, ఆఫీసులున్నాయి, అలిగి వెళ్లిపోయి పక్క కూటమిలో చేరొచ్చు కూడా. బవేరియాలో సీడీయూ అసలు లేనే లేదు. మ్యూనిక్‌లో ఉన్నవాడు మెర్జ్‌కి ఓటేయాలన్నా బ్యాలెట్ మీద సీడీయూ పేరు దొరకదు, సీఎస్‌యూకే వేయాలి. బవేరియా దాటి సీఎస్‌యూ నిలబడదు. బుండెస్టాగ్‌లో ఇద్దరిదీ ఒకే గ్రూపు.

ఈ ఏర్పాటు ఒకసారి తెగబోయింది, 1976లో. స్ట్రౌస్ నాయకత్వంలో సీఎస్‌యూ ఎంపీలు వైల్డ్‌బాద్ క్రాయిట్ అనే చోట కూర్చుని, ఇకమీదట మా గ్రూపు వేరు అని తీర్మానం చేసేశారు. సీడీయూ ఏం చేసింది? సరే, మేమూ బవేరియాలో శాఖ పెడతాం అంది. అంతే, నవంబర్లో చేసిన తీర్మానాన్ని డిసెంబర్లో వెనక్కి తీసుకున్నారు. పోలిక పెట్టాలన్న ఆశ ఉంటే ఈ కథ చెప్పు, క్లాసులో జర్మన్లు కూడా కొందరు వినుండరు.

బాబాయ్ చెప్పిన ప్రశ్నకి సీఎస్‌యూ కూడా సరిపోతుంది. దాని ఓట్లన్నీ ఒకే రాష్ట్రంలో, దేశం మొత్తానికి లెక్కేస్తే 2021లో 5.2 శాతమే. మూడు నియోజకవర్గాల మినహాయింపుని 2023లో చట్టం మార్చి తీసేసినప్పుడు ఇక్కడ గగ్గోలు పుట్టింది, బవేరియాలో దాదాపు అన్ని సీట్లూ గెలిచే పార్టీ 4.9 వస్తే సభలోనే ఉండదు అని. 2024 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకుని, కొత్త ఏర్పాటు చేసేదాకా ఆ మినహాయింపు ఉండాల్సిందే అంది. ఆ చట్టంలో ఇంకో మెలిక ఉంది, నియోజకవర్గం గెలిచినా పార్టీ ఓట్లు సరిపోకపోతే సీటు రాదు. 2025లో సీఎస్‌యూ 47కి 47 గెలిచింది, ముగ్గురు గెలిచి కూడా ఇంట్లో కూర్చున్నారు. దేశం మొత్తం మీద అలాంటివాళ్లు 23 మంది. మన ఊళ్లో చెబితే నమ్ముతారా, గెలిచాడు కానీ ఎంపీ కాలేదు అంటే.

కొలోన్_అక్క

ఏఎఫ్‌డీ భాగం గురించి నేను చెబుతా, ఇలాంటి సెమినార్లు నేనూ చేసి వచ్చా.

ముందు ఆ టెన్షన్ వదిలెయ్. ఇక్కడి రాజ్యాంగం 5వ అధికరణంలో మాట్లాడే స్వేచ్ఛ, చదువూ పరిశోధనల స్వేచ్ఛ పౌరులకే అని రాయలేదు, అందరికీ అని ఉంది. సెమినార్‌లో ఒక పార్టీ మీద ప్రెజెంటేషన్ ఇచ్చినంత మాత్రాన వీసాకి ఏమీ కాదు. మైకు పట్టుకుని నినాదాలు ఇవ్వట్లేదు కదా నువ్వు.

రెండోది, న్యూట్రల్ అంటే మెత్తగా చెప్పడం అనుకోకు. ప్రతి వాక్యానికీ ఎవరు అన్నారో పక్కన ఉండాలి, అంతే. పార్టీ ఏం కోరుతోందో చెప్పాలంటే 2016లో స్టుట్‌గార్ట్‌లో ఆమోదించిన వాళ్ల మూల కార్యక్రమం తీసుకో, తర్వాత ఎన్నికల మేనిఫెస్టో. పార్టీ గురించి సర్కారు సంస్థలు ఏమన్నాయో చెప్పాలంటే సాక్సనీ శాఖని ఆ రాష్ట్ర రాజ్యాంగ పరిరక్షణ కార్యాలయం, అంటే ఇక్కడి అంతర్గత నిఘా సంస్థ, 2023 డిసెంబర్‌లో తీవ్ర రైట్ వింగ్ సంస్థగా వర్గీకరించింది, పార్టీ కోర్టుకి వెళ్లింది, 2025 జనవరిలో బౌట్సెన్ కోర్టు ఆ అత్యవసర పిటిషన్‌ని ఒప్పుకోలేదు. ఇది నీ అభిప్రాయం కాదు, జరిగింది. చెప్పకుండా దాటేస్తే అదే పక్షపాతం అంటారు. అలాగని నవ్వు తెప్పించే ఫొటోలు, మీమ్‌లు స్లైడ్‌లో పెట్టకు, టీచర్‌కి నచ్చొచ్చేమో గానీ వెనక బెంచీలో కూర్చున్న ఆ పార్టీ ఓటరు అక్కడే చెవులు మూసుకుంటాడు.

ఓటర్ల గురించి మాట్లాడేటప్పుడు "తూర్పువాళ్లు అంతే" లాంటి మాట అసలు వద్దు. బెర్లిన్ కాకుండా తూర్పు రాష్ట్రాలు ఐదింట్లోనూ 2025లో ఏఎఫ్‌డీయే మొదటి స్థానం, నిజమే. అదే తూర్పులో లైప్‌జిగ్ నుంచి డీ లింకె అభ్యర్థి పెల్మన్ 2021లోనూ 2025లోనూ నేరుగా గెలిచాడు. 2021లో డీ లింకెకి వచ్చింది 4.9 శాతమే, అతనిదీ బెర్లిన్‌లో ఇద్దరిదీ కలిపి మూడు నియోజకవర్గాలు కాబట్టే 39 మంది సభలోకి వెళ్లారు. మీ రాష్ట్రంలోనే ఉన్న ఉదాహరణ ఇది, వాడుకో.

ఆ పార్టీ 2025 కథ కూడా చెప్పకుండా ఉండలేను. వాగెన్‌క్నెష్ట్ విడిపోయి బీఎస్‌డబ్ల్యూ పెట్టుకుంది, సర్వేల్లో డీ లింకె 3, 4 దగ్గర కొట్టుకుంటోంది. ఇక 5 రాదనుకుని తలలు నెరిసిన ముగ్గుర్ని, గీజి, రామెలో, బార్ట్ష్, నియోజకవర్గాల్లో దింపారు, ముగ్గురూ గెలిస్తే పార్టీ బతుకుతుంది అని. దానికి వెండి జుట్టు మిషన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇంతలో జనవరి 29న సరిహద్దుల మీద మెర్జ్ పెట్టిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతో నెగ్గింది. ఆ రోజు సభలో డీ లింకె నాయకురాలు రైషినెక్ చేసిన ప్రసంగం టిక్‌టాక్‌లో ఊపేసింది. చివరికి 8.8 శాతం, ఆరు నియోజకవర్గాలు, 24 ఏళ్ల లోపువాళ్లలో మొదటి స్థానం. బార్ట్ష్ మాత్రం తన నియోజకవర్గంలో ఓడిపోయాడు. వెండి జుట్టు అవసరమే పడలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫైల్స్

జవాబివ్వని మనిషి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. గ్రూప్ రిపోర్ట్‌లో ఎవరి భాగం ఎవరు రాశారో విడిగా కనిపించాలని చాలా చోట్ల పరీక్షల నిబంధనల్లోనే ఉంటుంది. మీ కోర్సుది ఒకసారి తెరిచి చూడు. ఉంటే విషయ సూచికలోనే ప్రతి అధ్యాయం పక్కన పేరు రాసేయండి. చివర్లో ఇది నా సొంత పని అని ఒక ప్రకటన మీద సంతకం కూడా పెట్టాలి. దాని కింద పేరు పెట్టి వేరేవాడి భాగం నువ్వు రాసిచ్చావా, ఇద్దరికీ ముప్పే. మన దగ్గర ఫ్రెండ్ కోసం రాసిపెట్టినట్టు ఇక్కడ జాలిపడకు. ఇప్పుడే ఆ మనిషికి మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టు, వాట్సాప్ కాదు, ఫలానా తేదీకి ఇన్ని పేజీలు కావాలి అని, గ్రూప్ అందరినీ కాపీలో పెట్టి. అప్పటికీ పలకకపోతే టీచర్ కలిసే వేళల్లో నలుగురూ వెళ్లి చెప్పండి. ప్రెజెంటేషన్ ముందురోజు వెళ్తే మాత్రం వాళ్లు మీ వైపు అదోలా చూస్తారు.

గుంటూరు_టు_సాక్సనీ

అన్నలకీ అక్కకీ చాలా థాంక్స్. నిన్న మీటింగ్‌లో బాబాయ్ ప్రశ్న పెట్టా. ముందు జర్మన్ అమ్మాయి ఒప్పుకోలేదు, ఇది ఎన్నికల పద్ధతి అయిపోతుంది గానీ పార్టీల సెమినార్ కాదు అని. అప్పుడు గ్రీన్స్ 93 విలీనం, ఎఫ్‌డీపీ రంగు మార్పు, లుకె వెళ్లిపోవడం మూడూ చెప్పి, గీత కాదు మన ప్రశ్న, గీత తగిలాక పార్టీ లోపల ఏం మారింది అన్నది అంటే సరే అంది. ఇప్పుడు పంపకం ఇలా ఉంది: టర్కీ అమ్మాయి 1990 గ్రీన్స్, వియత్నాం అబ్బాయి పీడీఎస్ నుంచి డీ లింకె దాకా, జర్మన్ అబ్బాయి ఎఫ్‌డీపీ, నేను ఏఎఫ్‌డీ 2013 నుంచి 2017, ఆ అమ్మాయి సీఎస్‌యూ, 1976 కథతో సహా. పలకని మనిషి ఎవరో చెప్పను, ఈమెయిల్ వెళ్లిన గంటకి జవాబు వచ్చింది!

టీచర్‌ని కూడా కలిశా. బాగుంది అన్నారు, కానీ ఒక షరతు, గీత కింద పడి మళ్లీ లేవని పార్టీ ఒకటైనా ఉండాలి, లేకపోతే పడినవాళ్లందరూ లేస్తారన్నట్టు ఉంటుంది అన్నారు. ఏది తీసుకోవాలి?

బెర్లిన్_బాబాయ్

మీ టీచర్ గట్టివారే. పైరేట్స్‌ని తీసుకో. 2011లో బెర్లిన్ రాష్ట్ర ఎన్నికల్లో 8.9 శాతం తెచ్చుకుని అందరినీ బెదరగొట్టారు, ఇంకో మూడు రాష్ట్రాల సభల్లోకి వెళ్లారు, 2013 బుండెస్టాగ్ ఎన్నికలో 2.2. తర్వాత ఒక్కో రాష్ట్రంలో సీట్లన్నీ పోయాయి. ఏఎఫ్‌డీ కూడా అదే 2013లో గీత కింద ఆగింది కాబట్టి నీ భాగం పక్కనే పెట్టొచ్చు. ఒకటి లేచింది, ఒకటి లేవలేదు, ఎందుకు అన్నది నువ్వు తవ్వాలి. రెండు పార్టీల మేనిఫెస్టోలనీ వాక్యం వాక్యం విడగొట్టి ఏ అంశానికి ఎంత చోటిచ్చారో లెక్కేసిన డేటా బెర్లిన్‌లోని డబ్ల్యూజెడ్‌బీ నడిపే మేనిఫెస్టో ప్రాజెక్ట్‌లో ఉచితంగా దొరుకుతుంది. డేటావాడివి కదా, అదే నీ బలం.

గుంటూరు_టు_సాక్సనీ

ఇది అదిరింది అన్నా. ఒక చిన్న హెల్ప్, జాతీయ ఎన్నికల అధికారి సైట్ నుంచి 2025 ఫలితాల సీఎస్‌వీ దించుకున్నా, ఎక్సెల్‌లో తెరిస్తే అంతా ఒకే కాలమ్‌లో పడుతోంది.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫైల్స్

అది కామా ఫైల్ కాదు, సెమీకోలన్‌తో విడగొట్టి ఉంటుంది. నేరుగా తెరవకుండా డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైల్‌గా తెచ్చుకుని సెమీకోలన్ ఎంచుకో, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టు, లేకపోతే ఊరి పేర్లలో చుక్కలున్న అక్షరాలన్నీ చెత్తగా వస్తాయి. పైన కొన్ని వరుసలు వివరణే, వాటిని వదిలేసి తర్వాత నుంచి చదివించు. శాతాలు ఉన్న ఫైల్ ఏదైనా తీసుకుంటే జర్మనీలో 4,98 అంటే 4.98 అని గుర్తుపెట్టుకో.